తాళం వేసిన గదిలో అడవినాభి

ఒకానొక రాజ్యంలో అని ఊరుకుంటే మీరు ఒప్పుకోరు, పేరు చెప్పమంటారు. సరే, పొన్నగిరి అనుకోండి. ఆ పొన్నగిరిని ఉదయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. పన్నుల కోసం జనాన్ని పిండేవాడు కాదు, ఊరికే పక్కవాళ్ళ మీదికి దండెత్తేవాడూ కాదు. ఉన్నదల్లా పువ్వుల పిచ్చి. పువ్వులంటే ఇష్టముంటే తప్పేముంది, మనకూ ఉంటుంది. ఆయనకు ఇష్టంతో సరిపోలేదు. పువ్వుల సంగతి తనకంటే ఎక్కువ తెలిసినవాడు భూమ్మీద పుట్టలేదన్న నమ్మకం కూడా ఉండేది. అక్కడ వచ్చింది చిక్కు.

ఆయన కోటలో ఒక కట్టడి ఉండేది. విచ్చిన పువ్వు మర్నాటి ఎండ చూడకూడదు. తెల్లవారీ తెల్లవారకముందే తోటమాలులు బుట్టలు పట్టుకుని బయల్దేరి, క్రితం రోజు పూచిన ప్రతి పువ్వునూ కోసేసేవారు. కొన్ని దేవుడికి, కొన్ని రాణివాసపు జడల్లోకి, మిగిలినవి ఏట్లోకి. వాడిన రేకు ఒక్కటి రాజుగారి కంటపడిందా, ఆ పూట తోటమాలికి తిట్లు తప్పవు. పాతికేళ్ళుగా ఇదే వరస. దాంతో ఆ కోటలో రెండు రోజుల వయసున్న పువ్వును చూసిన మనిషంటూ లేకుండా పోయాడు, రాజుగారితో సహా.

ఆ కోటలోనే కూచన్న అని ఒకడు. రాజుగారికి తాంబూలం చుట్టి అందించడం అతని కొలువు. రాజు ఎక్కడుంటే అతనూ అక్కడే, చేతిలో తమలపాకుల సంచితో. పైకి నెమ్మదస్తుడు. మాట్లాడితే మాత్రం మంత్రులు కూడా పని ఆపి వినేవారు.

ఒక ఏడు శ్రావణమాసంలో వేటగాడొకడు అడవి నుంచి ఒక పువ్వు తెచ్చి రాజుగారి ముందు పళ్ళెంలో పెట్టాడు. ఆరు రేకులు, అంచులు అలలు అలలుగా, అన్నీ పైకి మెలితిరిగి మంటలా నిలబడి ఉన్నాయి. రంగు లేత ఆకుపచ్చ. రాజుగారు మురిసిపోయి ఆస్థాన పండితుడు ఓబుళభట్టును పిలిపించారు. భట్టుగారికి పువ్వుల శాస్త్రమంతా నోటికే వచ్చు. ఆయన అడవి ముఖం చూసినది మాత్రం ఎన్నడూ లేదు, చెప్పుల్లో ముళ్ళు దిగుతాయని. పువ్వును అటు తిప్పి ఇటు తిప్పి, "ప్రభూ, ఇది హరితశిఖ" అని పేరు పెట్టాడు.

పది రోజులకు ఇంకో వేటగాడు ఇంకో పువ్వు తెచ్చాడు. ఆకారం అదే, రంగు పసుపు. భట్టుగారు "ఇది పీతశిఖ" అన్నాడు. మరో నాలుగు రోజులకు ఎర్రటిది వచ్చింది. "ఇది రక్తశిఖ, మూడింటిలోనూ ఉత్తమ జాతి" అన్నాడు. రాజుగారి జెండా రంగు కూడా ఎరుపే. ఇంకేముంది, రాగిరేకు మీద శాసనం చెక్కించారు. ఆకుపచ్చదీ పసుపుదీ ప్రజలవి, ఎవరైనా దుంప తవ్వుకోవచ్చు. రక్తశిఖ పూచిన నేల మాత్రం రాజుగారిది. రాజానుమతి లేకుండా ఎవరి అధీనంలో రక్తశిఖ కనబడినా, వారు ఎంతటివారైనా సరే, ఏడు రోజుల్లో పొలిమేర దాటిపోవాలి. "ఎంతటివారైనా" అన్న మాట రాజుగారు స్వయంగా చేర్పించారు. శాసనం గంభీరంగా ఉంటుందని ఆయన ముచ్చట.

కొండవాలుకు నలుగురు కావలివాళ్ళను పెట్టారు. పెట్టిన నెలలోపే ఒక ముసలామెను పట్టుకొచ్చి సభలో నిలబెట్టారు.

ఆమెను కూచన్న చూడగానే గుర్తుపట్టాడు. ఇప్పలగూడెం సోమక్క. చుట్టుపక్కల ఏడు గూడేలకూ మంత్రసాని ఆమె ఒక్కతే. కూచన్న భార్య మొదటి కాన్పు కష్టమై, కోటలో వైద్యులు చేతులెత్తేసిన రోజున, ఈ సోమక్కే వచ్చి తల్లినీ బిడ్డనూ నిలబెట్టింది. రెండో కూతురు కూడా ఆమె చేతుల్లోనే పుట్టింది. ఆమె ఈ శిఖలు పూచే మొక్క దుంపను నూరి, నొప్పులు పడేవాళ్ళ అరికాళ్ళకు పట్టు వేస్తుంది. నోట్లో పడితే ప్రాణం తీసే దుంప అది. ఎంత నూరాలో, ఎప్పుడు కడిగెయ్యాలో ఆమెకే తెలుసు.

"ప్రభూ, ఈమె తవ్విన గుంటల పక్కనే రక్తశిఖలు పూచి ఉన్నాయి. నా కళ్ళతో చూశాను" అన్నాడు కావలివాడు.

"ఏమంటావు?" అని అడిగారు రాజుగారు.

సోమక్క బెదరలేదు. "నేను తవ్వినప్పుడు అవి ఆకుపచ్చగా ఉన్నాయి దొరా. నీ బంటు వచ్చేసరికి ఎర్రబడ్డాయి. ఉన్నది ఒకటే పువ్వు. మేం అడవినాభి అంటాం. విచ్చినప్పుడు ఆకుపచ్చ, రెండు మూడు రోజులకు పసుపు, ఆర్నాళ్ళు దాటితే నిప్పు. ముసలిదయ్యేకొద్దీ ఎర్రబడుద్ది."

సభ గొల్లుమంది. ఓబుళభట్టు నవ్వీ నవ్వీ ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"పువ్వు ముసలిదైతే వాడుతుందే పిచ్చిదానా, రంగెక్కదు. నలభై ఏళ్ళుగా శాస్త్రం చదువుతున్నాను. ఇంత వింత ఎక్కడా వినలేదు" అన్నాడు.

రాజుగారు మాత్రం నవ్వలేదు. ఈ ముసలిదాని మాట నిజమైతే రాగిరేకు అబద్ధం. రాగిరేకు అబద్ధమైతే కింద ఉన్న సంతకం ఎవరిది? ఆయన ముఖం గంటు పెట్టుకుని, "శాసనాన్నే తప్పుపడుతోంది. ఏడు రోజులు చెరలో ఉంచి, ఎనిమిదో రోజు పొలిమేర దాటించండి" అన్నారు.

మంత్రి నసుగుతూ, "ఒక పువ్వును పరీక్షించి చూస్తే..." అన్నాడు.

"పరీక్ష పెట్టడమంటే మాకు అనుమానం ఉన్నట్టు. మాకు అనుమానం లేదు" అని రాజుగారు తేల్చేశారు.

కూచన్న తమలపాకు ఈనెలు తీస్తూ ఇదంతా విన్నాడు. పొద్దస్తమానం ఆకులతో కాపురం చేసే మనిషి. ముదురాకుపచ్చగా వచ్చిన ఆకు తడిగుడ్డలో నాలుగు రోజులుంటే పసుపు తిరుగుతుందని అతనికి తెలుసు. రెండూ ఒక తీగవే అని ఏ పండితుడూ చెప్పనక్కర్లేదు. సోమక్క మాట అతనికి నమ్మబుద్ధయింది. కానీ రాజుగారి ఎదుట నమ్ముతున్నానని అంటే ఏమవుతుంది? ఇద్దరూ కలిసి పొలిమేర దాటాలి. అంతే కదా. అందుకని తాంబూలం అందిస్తూ మెల్లగా మొదలుపెట్టాడు.

"మహారాజా, వెళ్ళగొట్టడం మంచిదే. కాకపోతే ఈవిడ పొరుగు రాజ్యానికి పోయి ఏమంటుంది? పొన్నగిరి రాజుకు పువ్వులు తెలియవు అంటుంది. అక్కడివాళ్ళు నమ్ముతారు కూడా."

రాజుగారి దవడ ఆగింది. "అయితే ఏం చెయ్యమంటావు?"

"సిగ్గుపడి పోవాలి మహారాజా. ఒక హరితశిఖను మట్టితో సహా తెప్పించి, ఏడు రోజులు కోసెయ్యకుండా ఉంచండి. ఎనిమిదో రోజు ఈవిడ ముందు పెట్టి, ఎర్రబడిందా అని అడుగుదాం. పరీక్ష కాదిది. శిక్షలో భాగం."

ఈ మాట రాజుగారికి తెగ నచ్చింది. ఓబుళభట్టుకు ఇంకా నచ్చింది. నచ్చి ఊరుకున్నాడా? లేచి నిలబడి, "ప్రభూ, గూడెంవాళ్ళు టక్కరులు. దొంగచాటుగా వచ్చి ఆకుపచ్చదాని చోట ఎర్రది పెట్టిపోగలరు. గదికి తాళం వెయ్యాలి" అన్నాడు.

"అలాగే వేద్దాం భట్టుగారూ. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలంటారు?" అన్నాడు కూచన్న.

"ప్రభువు దగ్గరే. మరొకరిని నమ్మడానికి లేదు."

"పువ్వునే తుంచి మారిస్తేనో?"

"కాడకు పట్టుదారం కట్టి, లక్క పోసి, రాజముద్రిక వెయ్యాలి."

"మరి నీళ్ళు పొయ్యాలి కదండీ?"

"అది కూడా ప్రభువే పోస్తారు. ఆ గదిలో పురుగు కూడా దూరకూడదు" అన్నాడు భట్టుగారు బల్ల గుద్దినట్టు.

"తమంత ముందుచూపు నాకెక్కడిది" అని కూచన్న చేతులు జోడించాడు.

ఆ సాయంత్రమే కొండ మీద నుంచి నాలుగైదు మొక్కలు వచ్చాయి. అప్పుడే విచ్చిన పువ్వున్నదాన్ని ఓబుళభట్టు తానే ఎంచి, కుండీలో పెట్టించాడు. ఆ మొక్క ఆకుల కొసలు సన్నగా సాగి, దొరికినదాన్నల్లా చుట్టుకుని పట్టుకునేవి. వచ్చిన గంటలోనే గది కిటికీ కమ్మీని పట్టుకున్నాయి. కాడకు దారం కట్టి లక్క పోశారు, రాజుగారు తన వేలి ఉంగరంతో ముద్ర వేశారు, తలుపుకు తాళం వేసి చెవిని మొలలో దోపుకున్నారు.

కూచన్న చెరసాలకు వెళ్ళి సోమక్కను కలిశాడు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఏడు రోజులకు ఎర్రబడుతుందా, ఖాయమేనా?"

"వానపట్టు ఎక్కువైతే ఒక రోజు అటూ ఇటూ. ఎర్రబడటం మాత్రం ఆగదు బాబూ." కొంగు సర్దుకుని, "నన్ను పంపేస్తే పంపేశారు. మర్రిపాడు గూడెంలో పోతన్న పెళ్ళానికి నెలలు నిండాయి. అది సన్నపాటి పిల్ల. నేను లేకపోతే కష్టం. అదే నా దిగులు" అంది.

కూచన్న ఇంటికెళ్ళి కూతుళ్ళ పక్కన కూర్చుని అన్నం కెలికి లేచాడు.

మొదటి రెండు రోజులూ రాజుగారు ఉల్లాసంగా ఉన్నారు. ఉదయమే చిన్న చెంబుతో నీళ్ళు పట్టుకుని గదిలోకి వెళ్ళి, మళ్ళీ తాళం వేసుకుని వచ్చి, "హరితశిఖ దివ్యంగా ఉంది" అని సభకు చెప్పేవారు. మూడో రోజు గది నుంచి వచ్చాక ఏమీ చెప్పలేదు. నాలుగో రోజు తాంబూలం నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయారు. ఓబుళభట్టు వచ్చి, "ప్రభూ, హరితశిఖ క్షేమమేనా?" అంటే, "నీకు వేరే పనేం లేదా?" అని కసిరారు. భట్టుగారు బిత్తరపోయాడు. కూచన్న మాత్రం ఈనెలు తీస్తూ కూర్చున్నాడు.

ఆరో రోజు మధ్యాహ్నం రాజుగారు అందరినీ పంపించేసి కూచన్న ఒక్కణ్ణే ఉండమన్నారు. కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు.

"కూచన్నా, అప్పుడే విచ్చిన హరితశిఖ ఇంకొకటి ఎవరికీ తెలియకుండా తేగలవా?"

కూచన్నకు భయం వేసింది. ఇంత కట్టుదిట్టం చేయించి తాను వదిలేసిన సందు ఇదొక్కటే. తాళంచెవి ఉన్న మనిషి స్వయంగా మారిస్తే, ముద్రిక ఉన్న మనిషి మళ్ళీ ముద్ర వేస్తే, ఇక సోమక్క గతేమిటి? అబద్ధమాడి దొరకవు అనొచ్చు. కొండంతా పూచి ఉంటే దొరకవంటే ఎవరు నమ్ముతారు?

"తేగలను మహారాజా. ఉంగరం మీ వేలికే ఉంది, తాళంచెవి మీ మొలలోనే ఉంది. మారిస్తే అడిగేవాడు లేడు."

"లేడు కదా" అన్నారు రాజుగారు.

"లేడు. కాకపోతే అది ఎప్పటికీ పచ్చగానే ఉంటుందని చూపాలంటే, ఈ వేళ మార్చినది వారానికి మళ్ళీ మార్చాలి. ఆపైవారం మళ్ళీ. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడానికి లేదు. ప్రతివారం ఏలినవారు తలుపు వేసుకుని, పాత దారం తెంచి, కొత్త దారం కట్టి, లక్క కాచుకుంటూ కూర్చోవాలి."

రాజుగారు అతని వైపు తిరిగి కళ్ళు చిట్లించారు. "అంటే అది ఎర్రబడుతుందని నీకు ముందే తెలుసన్నమాట."

"సోమక్క నిండు సభలో చెప్పింది కదా మహారాజా. అందరూ విన్నారు. నేను నమ్మాను, అంతే."

రాజుగారు పొమ్మని చెయ్యి ఊపారు. ఆ పొమ్మనడంలో కోపముందో లేదో కూచన్నకు అంతు పట్టలేదు. పువ్వు తెమ్మని కూచన్నకు చెప్పలేదు సరే, వేరే ఎవరికైనా చెప్పి ఉండొచ్చు కదా. ఏడో రోజంతా అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు.

ఎనిమిదో రోజు సభ కిటకిటలాడింది. సోమక్కను తెచ్చి నిలబెట్టారు. చేతిలో చిన్న మూట, వెళ్ళిపోవడానికి సిద్ధంగా. రాజుగారు మొలలోంచి తాళంచెవి తీసి, తామే వెళ్ళి తలుపు తీశారు. బంట్లు కుండీని మోసుకొచ్చి సభ నడుమ దించారు.

పువ్వు ఎర్రగా ఉంది. అంచుల్లో మాత్రం కాస్త పసుపు మిగిలింది. కాడకు పట్టుదారం, దారానికి లక్క, లక్క మీద రాజముద్రిక, వేసినవి వేసినట్టే ఉన్నాయి.

కూచన్నకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. రాజుగారు మార్చలేదు. మార్చగలిగి కూడా మార్చలేదు.

ముందుగా నోరు తెరిచింది ఓబుళభట్టు. "మోసం ప్రభూ. ఇది రక్తశిఖ. ఎవరో మార్చేశారు. ఆ దొంగను పట్టుకుని శాసనం ప్రకారం శిక్షించాలి."

"శిక్షించాల్సిందే" అన్నాడు కూచన్న. "శాసనం ఒకసారి చదవండి భట్టుగారూ, అక్షరం తప్పకుండా చేద్దాం."

భట్టుగారు రాగిరేకు అందుకుని కంఠం సవరించుకున్నాడు. "రాజానుమతి లేకుండా ఎవరి అధీనంలో రక్తశిఖ కనబడినా, వారు ఎంతటివారైనా..." అక్కడికొచ్చేసరికి రేకును కళ్ళకు దగ్గరగా జరుపుకున్నాడు. మిగతాది లోపలే చదువుకున్నాడు.

"గది ఎవరి అధీనంలో ఉందో సభకు తెలుసు" అని కూచన్న రాజుగారి వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు. "మహారాజా, రక్తశిఖను దగ్గర ఉంచుకోవడానికి మీకు మీరు అనుమతి ఇచ్చుకున్నారా?"

"లేదు. మేం అనుమతించింది హరితశిఖను" అన్నారు రాజుగారు.

"అయితే రెండే దారులు. దొంగ ఉన్నాడంటే, ఆ దొంగ ఏలినవారే, పల్లకీ సిద్ధం చేయిస్తాను. దొంగ లేడంటే, పువ్వు తనంతట తానే ఎర్రబడింది. అప్పుడు సోమక్క కూడా దొంగ కాదు. ఏది నిజమో చెప్పగలవారు ఈ సభలో మీరొక్కరే. ఆ తలుపు తీసింది మీరొక్కరే కనుక."

మంత్రి నేల చూపులు చూస్తున్నాడు. రాజుగారు సింహాసనం దిగి కుండీ దగ్గరకు వచ్చారు.

"రోజూ నీళ్ళు పోసింది మేమే" అన్నారు. "మూడో రోజుకు పసుపు తిరిగింది. అయిదో రోజుకు మొదలు ఎర్రబడింది. ఎవరూ మార్చలేదు. మార్చాలని మాకే బుద్ధి పుట్టింది. పుట్టి పోయింది." తరువాత సోమక్క వైపు తిరిగి, "ఈ పువ్వు ఇలా అవుతుందని పాతికేళ్ళలో మాకెవరూ చెప్పలేదు" అన్నారు.

"మీరు ఉంచితే కదా దొరా" అంది సోమక్క.

అంత మాటకు రాజుగారికి కోపం రాలేదు. రావడానికి చోటు లేదు. అప్పటికప్పుడు ఆమెను విడిపించి, కొండ చూపించమని అడిగారు. సభంతా వెనకే బయల్దేరింది. ఓబుళభట్టుకు కూడా తప్పలేదు.

కొండవాలు మీద అడవినాభి తీగలు పొదలనూ రాళ్ళనూ పట్టుకుని పాకి ఉన్నాయి. సోమక్క ఒక తీగను పైకెత్తి చూపించింది. కొసన ఆకుపచ్చ పువ్వు, నడుమ పసుపు పువ్వు, కింద ఎర్రటి పువ్వు. మూడూ ఒక్క తీగకే.

అందరూ భట్టుగారి వైపు చూశారు. ఆయన ముళ్ళు తప్పించుకుంటూ దగ్గరకు వచ్చి, తీగను కింది నుంచి పైదాకా పరికించి, గడ్డం నిమురుకున్నాడు.

"ప్రభూ, ఇది ఆ మూడూ కాదు. ఇది నాలుగో జాతి. త్రివర్ణశిఖ."

రాజుగారికి నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, వచ్చి పట్టుకుంది. పక్కనున్న రాయి మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. మంత్రి నవ్వాడు, కావలివాళ్ళు నవ్వారు, కాసేపటికి భట్టుగారు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వు తగ్గాక రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి కూచన్న మెడలో వేశారు.

"మమ్మల్ని మా తాళంతోనే బంధించావు. ఇంకేమైనా కావాలంటే అడుగు."

"సోమక్కను అడగండి మహారాజా. ఏడు రోజులు చెరలో ఉన్నది ఆవిడ" అన్నాడు కూచన్న.

"రాగిరేకు కరిగించి నీకో నీళ్ళకాగు పోయిస్తాం. ఇంకా ఏం కావాలో చెప్పు" అన్నారు రాజుగారు ఆమెతో.

"కావలివాళ్ళను కొండ దించెయ్యండి దొరా. అది చాలు" అంటుండగానే, కింద గూడెం వైపు నుంచి ఒకడు పరుగున రావడం కనిపించింది. మర్రిపాడు పోతన్న. రొప్పుతున్నాడు. రాజును చూడలేదు, గొడుగును చూడలేదు.

"సోమక్కా, నిన్ను వదిలేశారంట కదా. పొద్దున్నించీ దానికి నొప్పులు. నువ్వొస్తేనే."

సోమక్క అప్పటికే వంగి ఒక కర్రముక్కతో దుంప తవ్వుతోంది. మట్టి దులిపి కొంగులో ముడి వేసుకుంది. కొండ దిగే దారి సన్నం, ఇద్దరు పట్టరు. ఆ దారికి అడ్డంగా రాజుగారు, ఆయన వెనక గొడుగు, గొడుగు వెనక మంత్రీ, బంట్లూ వరసగా నిలబడి ఉన్నారు.

"కాస్త జరగండి దొరా" అంది.

రాజుగారు ముళ్ళపొదలోకి ఒక అడుగు వేసి పక్కకు తప్పుకున్నారు. ఆయన తప్పుకోవడం చూసి వెనక ఉన్నవాళ్ళంతా ఒకరొకరే దారి వదిలారు. సోమక్క ఎవరి వైపూ చూడకుండా గబగబా కిందికి దిగిపోయింది.